పన్నెండు వార్డులు, నూట నలభైమూడు వరుసలు

ఆ ప్రసూతి ఆసుపత్రిలో ఆమెను అందరూ గిడ్డంగమ్మాయి అనేవారు. తప్పు ఆమె ఉద్యోగపు కాగితానిదే. అందులో "డేటా గిడ్డంగి నిర్మాణం" అని ఉంది. మొదటి మాటను ఎవరూ పట్టించుకోలేదు, గిడ్డంగి మాత్రం అందరికీ అర్థమైంది. చేరిన మూడో రోజునే బట్టల స్టోరు నుంచి ఒకాయన వచ్చి నలభై రెండు దిండ్లు ఆమె గది ముందు దించి సంతకం పెట్టమన్నాడు. తన గిడ్డంగి కంప్యూటరులో ఉంటుందని, అందులో దిండ్లు పట్టవని ఆమె నచ్చజెప్పింది. ఆయన కంప్యూటరును ఎగాదిగా చూసి, "నిజమేనండీ, ఇందులో పట్టవు" అని ఒప్పుకున్నాడు. దిండ్లు మాత్రం వారం రోజులు అక్కడే ఉన్నాయి.

ఆమె పని చెప్పుకోవడానికి తేలిక. ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళ కాన్పుల రిజిస్టర్లు ఉన్నాయి. టైపిస్టులు రెండేళ్ళు కూర్చుని వాటిని అక్షరం అక్షరం కంప్యూటరుకి ఎక్కించారు. అలా ఎక్కించిన కుప్పను ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఠక్కున జవాబు చెప్పేలా అమర్చాలి. అమర్చడమంటే వరసగా పేర్చడం కాదు. ముందు ఒక వరుస అంటే ఏమిటో తేల్చుకోవాలి. తల్లికి ఒక వరుసా, రోజుకి ఒక వరుసా, వార్డుకి ఒక వరుసా? ఇక్కడ తడబడితే ఆ తర్వాత ఎంత కష్టపడినా బూడిదలో పోసిన పన్నీరే. మూడు వారాలు బుర్ర బద్దలు కొట్టుకుని, "ఒక బిడ్డ, ఒక వరుస" అని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించింది. కవలలైతే రెండు వరుసలు.

నడిమధ్యన ఒక పెద్ద పట్టిక. అందులో జరిగినవే ఉంటాయి: బిడ్డ బరువు, పుట్టిన అరగంటకి ఒంటి వేడి, ఆ పైన మరో గంటకి ఒంటి వేడి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి అన్న ప్రశ్నలకు జవాబులు దాని చుట్టూ ఉన్న చిన్న పట్టికల్లో ఉంటాయి. తేదీలకొకటి, తల్లులకొకటి, వార్డులకొకటి. పెద్ద పట్టికలోని ప్రతి వరుసా "నా తేదీ అదిగో, నా తల్లి అదిగో, నా వార్డు అదిగో" అని ఈ చిన్న పట్టికలకేసి వేలు చూపిస్తుంది. కాగితం మీద గీస్తే నక్షత్రంలా ఉంటుంది. ఆ పని చేసేవాళ్ళు దాన్ని స్టార్ అనే అంటారు. తన స్టార్‌ను చూసుకుని ఆమె ఎంత మురిసిపోయేదో చెప్పలేను. మధ్యలో లక్షా ఎనభై ఆరు వేల పైచిలుకు బిడ్డలు, చుట్టూ మూడే మూడు పట్టికలు.

అన్నిటికంటే ఆమెకు గర్వం వార్డుల పట్టిక మీద. పన్నెండు వార్డులు, పన్నెండు వరుసలు. ఒక్కో వరుసలో వార్డు నంబరు, ఏ భవనంలో ఉంది, ఇన్‌చార్జి సిస్టరు ఎవరు. అద్దంలా ఉండేది. శుభ్రమంటే ఆమెకు పిచ్చి. ఇంట్లో రాయని పెన్నులు, తెగిన చెప్పులు, నిరుటి క్యాలెండర్లు కంటపడితే చాలు, వాళ్ళమ్మ వెనక నుంచి కేకలు పెడుతున్నా వినకుండా బయట పారేసేది. ఇక్కడా అదే పద్ధతి. సిబ్బంది బదిలీలు చూసే ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ వాళ్ళు కొత్త జాబితా పంపినప్పుడల్లా పాత పేరు తుడిచేసి దాని మీదే కొత్త పేరు పెట్టేది. అక్కడే పప్పులో కాలేసింది. ఆ సంగతి అప్పటికి ఆమెకు తెలియదు.

ఒక సోమవారం పెద్ద డాక్టరమ్మ ఆమెను పిలిపించింది. ఆసుపత్రికి సూపరింటెండెంటు ఆవిడే. అడిగిన ప్రశ్న చిన్నది. పుట్టగానే ఒళ్ళు చల్లబడిపోయే బిడ్డలు ఏ వార్డులో ఎక్కువ? అప్పుడే పుట్టిన బిడ్డకి చలి ఎంత చెడ్డదో ఆ ఆసుపత్రిలో ఊడ్చేవాళ్ళకి కూడా తెలుసు. వెచ్చబెట్టడం ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

గిడ్డంగమ్మాయి రెండు నిమిషాల్లో జవాబు తెచ్చింది. మిగతా వార్డుల్లో వందకి తొమ్మిది మంది దాటలేదు. మూడో వార్డులో పదిహేడు మంది. మూడో వార్డు ఉన్నది కొత్త బ్లాకులో. ఇన్‌చార్జి పెద్ద సిస్టరు.

"ఆవిడా!" అంది డాక్టరమ్మ. కాగితాన్ని మళ్ళీ చూసింది. "కొత్త బ్లాకులో కిటికీలకి అద్దాలున్నాయి, వేడి దీపాలున్నాయి. పాత భవనాల్లో వాళ్ళే తొమ్మిదితో నెట్టుకొస్తుంటే అన్నీ ఉన్నచోట పదిహేడేంటి? ఇన్నేళ్ళ సర్వీసుండీ?"

ఆ సాయంత్రానికే సంగతి ఆసుపత్రంతా పాకిపోయింది. శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. పెద్ద సిస్టరును బిడ్డల దగ్గర నుంచి తీసేసి బట్టల స్టోరుకి వేస్తారు. సర్వీసు ఇంకా రెండేళ్ళే ఉంది కాబట్టి ఆ రెండేళ్ళూ దుప్పట్లు మడతపెట్టుకుంటూ గడిపేస్తుంది. ఉత్తర్వు అప్పటికే టైపు చేసి ఉంచారు, కమిటీ అవుననడమే తరువాయి.

మంగళవారం మధ్యాహ్నం పెద్ద సిస్టరు కంప్యూటరు గదికి వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పొట్టిగా, నడకలో చిన్న కుంటుతో ఉంటుంది. ఆవిడను చూడగానే గిడ్డంగమ్మాయి కుర్చీలోంచి లేచింది. ఆవిడ అరుస్తుందనో ఏడుస్తుందనో అనుకుని రెండింటికీ సిద్ధపడింది. ఆవిడ రెండూ చేయలేదు. లోపలికి వస్తూనే వేళ్ళ వెనకవైపుతో ఈమె చెయ్యి తాకి చూసింది. ఎవరు ఎదురుపడినా, డాక్టరైనా వాచ్‌మనైనా, ముందు అలా తాకి చూడటం ఆవిడ అలవాటు.

"ఇదేంటి తల్లీ, ఇంత చలిలో కూర్చుంటావు? చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి."

"మిషన్లకి చల్లగా ఉండాలి సిస్టరమ్మా."

"మిషన్లకి సరే. మనిషికి అక్కర్లేదుగా." ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. కాసేపు తెర వంక చూసి, "వందకి పదిహేడు మందా?" అంది.

"అవునండీ."

"నేను చూసిన బిడ్డలు నాకు తెలుసనుకున్నాను. అంతమంది చల్లబడిపోతుంటే నాకు తెలియలేదా?" గొంతు మామూలుగానే ఉంది. "మీ మిషను అబద్ధమాడదు కదా. ఆడదని నాకూ తెలుసు. స్టోరుకి పొమ్మంటే పోతాను, దాని గురించి కాదు. ఏం తప్పు చేశానో ఒక్కసారి చూసి చెప్పు తల్లీ. ఇన్నేళ్ళూ మంచి చేస్తున్నాననుకుంటూ అంతమంది పసివాళ్ళని నేనే..."

మాట పూర్తిచేయలేక లేచి వెళ్ళిపోయింది. గిడ్డంగమ్మాయికి ఆ పూటంతా మనసు మనసులో లేదు. మొదట కోపమొచ్చింది. తన అంకెల్లో తప్పేముంది? రిజిస్టర్లలో ఎంతమంది బిడ్డలున్నారో పట్టికలోనూ అంతమందే ఉన్నారు, ఏడాదేడాదికీ సరిచూసుకుంది. అయినా ఏదో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. మొత్తాలు సరిచూసింది గాని, తెలిసిన బిడ్డ ఒకరిని పట్టుకుని ఆ వరుస ఎటెటు వేలు చూపిస్తోందో చివరిదాకా వెళ్ళి చూడలేదు. ఏ చేయి తిరిగిన పనివాడైనా ముందు చేసేది అదే.

తెలిసిన బిడ్డ ఎవరున్నారు? బుధవారం పొద్దున్న బస్సులో ఆలోచిస్తుంటే తట్టింది. తానే ఉంది కదా. తను పుట్టింది ఈ ఆసుపత్రిలోనే.

గదిలోకి వచ్చి, సంచీ కూడా దించకుండా, అమ్మ పేరూ తన పుట్టిన తేదీ కొట్టింది. వరుస వచ్చింది. ఆడబిడ్డ. రెండు కిలోల ఏడువందల గ్రాములు. లక్షా ఎనభై ఆరు వేల మందిలో తానొక వరుసై కూర్చుని ఉండటం చూసి ఆమెకు ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నాళ్ళూ తను కట్టిన ఇంట్లో తనే ఎక్కడో ఒక మూల ఉందన్నమాట. అరగంటకి ఒంటి వేడి ముప్పై నాలుగున్నర. అంటే తనూ చల్లబడిన బిడ్డే! ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. మూడో వార్డు. కొత్త బ్లాకు. ఇన్‌చార్జి పెద్ద సిస్టరు.

కొత్త బ్లాకు దగ్గర కన్ను ఆగింది. ఫోను తీసి ఇంటికి చేసింది.

"అమ్మా, నేనెక్కడ పుట్టాను?"

"పొద్దున్నే ఇదేం ప్రశ్నే? ఇప్పుడు నువ్వు కూర్చున్న ఆసుపత్రిలోనే."

"అది తెలుసు. ఏ బిల్డింగులో?"

"బిల్డింగా, నా మొహమా! రేకుల షెడ్డు. చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది, నువ్వెప్పుడైనా వింటేగా. ఆ రేకుల మీద వాన మోతకి నీ ఏడుపు నాకు వినబడనే లేదు. ఏడ్చిందా లేదా అని నేను అడగడం, ఏడ్చిందమ్మా ఏడ్చింది అని వాళ్ళు అరవడం."

"కొత్త బ్లాకు కాదా?"

"కొత్త బ్లాకు కట్టేటప్పుడు నువ్వు తొమ్మిదో క్లాసు. ఇసక లారీలు దారికి అడ్డమని రోజూ ఆలస్యంగా వెళ్ళి తిట్లు తినేదానివి, మర్చిపోయావా? ఒంట్లో బాగానే ఉందా నీకు?"

బాగానే ఉందని చెప్పి ఫోను పెట్టేసింది. తను పుట్టిన పద్నాలుగేళ్ళకి కట్టిన భవనంలో తను పుట్టింది! ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మూడో వార్డుకి ఉన్నది ఒక్కటే వరుస. ముప్పై ఒక్క ఏళ్ళలో మూడో వార్డులో పుట్టిన ప్రతి బిడ్డా ఆ ఒక్క వరుసకేసే వేలు చూపిస్తోంది. రేకుల షెడ్డు అన్న మాటే లేకుండా కొత్త బ్లాకు అని పెట్టిన క్షణాన, షెడ్డులో చలికి వణికిన బిడ్డలంతా మూటాముల్లెతో అద్దాల కిటికీల భవనంలోకి వచ్చేశారు. ఎనిమిది నెలల కిందట ఇన్‌చార్జి గడిలో పెద్ద సిస్టరు పేరు పెట్టగానే, అంతకుముందు ఎవరెవరి చేతుల్లోనో చల్లబడిన బిడ్డలంతా ఆవిడ ఒళ్ళో వచ్చి పడ్డారు. ఆవిడ అంతకుముందు వేరే వార్డుల్లో వెచ్చగా కాపాడిన వాళ్ళు ఇంకెవరి ఖాతాలోనో కూర్చున్నారు. మిషను అబద్ధమాడలేదు. తను దాని చేత ఆడించింది.

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కిపోయాయి. తెలియక చేసిన తప్పు కాదిది. మారేవాటిని ఎలా రాయాలో చదువుకునే రోజుల్లోనే నేర్చుకుంది. పాత వరుసను ముట్టుకోకుండా దాని కింద కొత్త వరుస వేసి, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని రెండు తేదీలు పెట్టాలి. పరీక్షలో అదే ప్రశ్న వస్తే నూటికి తొంభై ఆరు తెచ్చుకుంది. ఇక్కడికొచ్చాక, పన్నెండు వార్డులకి అంత రభస దేనికిలే అనుకుంది. అద్దంలాంటి పట్టిక చెదిరిపోతుందని కూడా అనుకుంది.

ఇప్పుడు పాత సంగతులు ఎవరి దగ్గరుంటాయి? ఎస్టాబ్లిష్‌మెంటుకి పరుగెత్తింది. "పాతవెందుకమ్మా, ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసేస్తున్నాం కదా" అన్నారు వాళ్ళు, ఆమెలాగే గర్వంగా. ఒకాయన మాత్రం తల గోక్కుని, "రికార్డు బాబాయిని అడిగి చూడండి, ఆయన ఏదీ పారేయడు" అన్నాడు.

రికార్డు గది మెట్ల కింద ఉంది. బాబాయి అంటే ఎవరికీ సొంత బాబాయి కాదు, ముప్పై నాలుగేళ్ళుగా ఆ గదిలో ఉన్నందుకు అందరికీ బాబాయి అయ్యాడు. కళ్ళజోడుకి ఒకవైపు దారం కట్టి ఉంటుంది. ఆమె ఆయాసపడుతూ చెప్పిందంతా ఆయన తొణక్కుండా విన్నాడు. తర్వాత లేచి అడుగు అరలోంచి మందపాటి పుస్తకాలు నాలుగు తీసి దుమ్ము దులిపాడు.

"వార్డు తాళాల పుస్తకాలమ్మా. ఇవైతే పనికొస్తాయేమో చూడు."

మొదటిది తెరిచింది. పేజీ నిండా ఎర్ర గీతలతో ఐదు గడులు. వార్డు. ఎక్కడ. తాళాలు ఎవరి చేతికి. ఎప్పటినుంచి. ఎప్పటిదాకా. ఇన్‌చార్జి మారితే కొత్త వరుస. వార్డు ఇంకో భవనానికి మారితే కొత్త వరుస. పాత వరుసలో చివరి గడిలో తేదీ పడేది, కొత్త వరుస ఆ మర్నాటి తేదీతో మొదలయ్యేది. ఒక్క రోజు కూడా ఎక్కడా జారిపోలేదు. నాలుగో పుస్తకం చివరి పేజీల్లో, ఇప్పుడు నడుస్తున్న పన్నెండు వరుసల్లో, ఆఖరి గడిలో తేదీ లేదు. అక్కడ గుండ్రటి అక్షరాలతో "ఇంకా" అని పెన్సిలుతో రాసి ఉంది.

ఆమె అక్కడే రిజిస్టర్ల కట్ట మీద కూలబడింది. తను లావుపాటి పుస్తకాల్లో చదివినది, పేరున్న పంతుళ్ళు బోర్డు మీద గీసి చూపించినది, ఈయన మెట్ల కింద ఇరవై అయిదు వాట్ల దీపం దగ్గర ముప్పై నాలుగేళ్ళుగా చేత్తో రాస్తున్నాడు. ఒక్క కొట్టివేత లేదు. తెల్ల సిరా మరక ఎక్కడా లేదు.

"బాబాయ్, ఇలా రాయమని మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్తారమ్మా? తాళం పోతే ఎవర్ని అడగాలో తెలియాలి కదా. ఇవాళ ఎవరి దగ్గరుందో తెలిస్తే చాలదు. పోయిన రోజున ఎవరి దగ్గరుందో తెలియాలి."

"మారినప్పుడు పాత పేరు కొట్టేయాలనిపించలేదా ఎప్పుడూ?"

ఆయన ఈ ప్రశ్నకి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కొట్టేయడమెందుకు? కింద బోలెడు చోటుంది. పైదేం పాపం చేసింది?"

ఆ మధ్యాహ్నం నుంచి ఆయన చదువుతూ ఉంటే ఆమె కొడుతూ పోయింది. ఆయన చదివే తీరు కూడా ఒక ముచ్చటే. ఊరికే పేరు చదివి ఊరుకోడు. ఈమె తాళాలు పోగొట్టి రెండుసార్లు కొత్తవి చేయించింది, ఈవిడ పెళ్ళి సెలవులో ఉండగా వారం రోజులు ఫలానా ఆవిడ చూసింది, ఈ రోజున వార్డు మారుస్తుంటే గాలివాన వచ్చి మంచాలు వరండాలో తడిశాయి. ఆమెకు విసుగు రావలసింది. రాలేదు. తను పన్నెండు వరుసలు అనుకున్నవి కళ్ళ ముందే ఒక్కోటీ విచ్చుకుంటున్నాయి. ఒక్క మూడో వార్డే పందొమ్మిది వార్డులైంది. రేకుల షెడ్డులో ఒకరి చేతిలో ఉన్న మూడో వార్డు వేరు, అదే షెడ్డులో ఇంకొకరి చేతిలో ఉన్న మూడో వార్డు వేరు. గురువారం మధ్యాహ్నానికి పన్నెండు వార్డులకి నూట నలభైమూడు వరుసలు తేలాయి. ఒక్కోదానికి ఎప్పటికీ మారని సొంత నంబరు ఇచ్చింది.

ఇక మిగిలింది ప్రతి బిడ్డకీ తన వార్డును తిరిగి చూపించడం. పుట్టిన రోజున ఏ వార్డు ఏ వరుసలో ఉందో ఆ వరుసకేసి వేలు చూపాలి, ఇవాళ్టి వరుసకేసి కాదు. ఆదేశం రాసి, మూడుసార్లు చదువుకుని, మీట నొక్కింది. బాబాయి పక్కనే నిలబడ్డాడు. కంప్యూటరు గదికి రావడం ఆయనకు అదే మొదటిసారి, చలికి చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

పదకొండు నిమిషాలు పట్టింది. తెర మీద మామూలు అంకె ఒకటి పెరుగుతూ పోతోంది, అంతే. చూసేవాళ్ళకి అందులో ఏమీ లేదు. ఆమెకు మాత్రం ఇన్నాళ్ళూ పరాయి ఇంట్లో కూర్చోబెట్టిన లక్షా ఎనభై ఆరు వేల మంది లేచి ఎవరిళ్ళకు వాళ్ళు నడిచి వెళ్ళిపోతున్నట్టే అనిపించింది. వానలో పుట్టినవాళ్ళు రేకుల కిందికి, నిన్న పుట్టినవాళ్ళు అద్దాల కిటికీల పక్కకి. అంకె ఆగింది. చోటు దొరకని బిడ్డలు ఎంతమంది అని అడిగింది. సున్నా అని వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క బిడ్డ కూడా వీధిలో మిగల్లేదు. ఆమె ఏం చేస్తున్నదీ తెలియకుండానే బాబాయికి చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఆయన కంగారుపడిపోయి, ఇవేం పనులమ్మా అంటూ వెనక్కి జరిగాడు.

అప్పుడు పెద్ద సిస్టరు పేరు కొట్టింది.

ఒకటి కాదు, తొమ్మిది వరుసలు వచ్చాయి. మూడో వార్డు, ఏడో వార్డు, ఒకటో వార్డు, మళ్ళీ మూడు, పది, అలా ఇరవై తొమ్మిదేళ్ళలో తొమ్మిదిచోట్లు. ఒక్కోచోట ఆవిడ రాకముందు ఏడాదీ, ఆవిడ ఉన్న కాలమూ, వెళ్ళాక ఏడాదీ పక్కపక్కన పెట్టి చూసింది. మొదటిచోట వందకి ఇరవై ఒక్కమంది చల్లబడేవారు. ఆవిడ వచ్చాక ఎనిమిది. వెళ్ళాక పదమూడు. రెండోచోట పదహారు, ఆరు, పది. మూడోచోట పద్నాలుగు, ఐదు, తొమ్మిది. ప్రతిచోటా అంతే. ఆవిడ వచ్చినప్పుడు తగ్గింది, వెళ్ళాక పెరిగింది. చివరి వరుస ఇప్పటి మూడో వార్డు. పద్నాలుగు ఉన్నది ఈ ఎనిమిది నెలల్లో ఐదైంది. వెళ్ళాక అన్న గడి ఖాళీగా ఉంది.

గిడ్డంగమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు కూడా. ఇన్నేళ్ళలో ఇంతమంది సూపరింటెండెంట్లు మారారు, ఎంతమంది డాక్టర్లు వచ్చిపోయారు, ఎవరికీ ఇది కనబడలేదు. ఏ ఒక్క రోజు చూసినా కనబడేది కాదు మరి.

బాబాయి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఆవిడకి తొమ్మిదిసార్లు తాళాలు అప్పజెప్పింది నేనేనమ్మా. ఎక్కడ పని సరిగ్గా సాగకపోతే అక్కడికి తోసేవాళ్ళు. అక్కడ కుదుటపడగానే ఇంకోచోటికి. నేను తాళాలు చూశాను గాని ఇది చూడలేదు" అన్నాడు.

శుక్రవారం పదింటికి కమిటీ కూర్చుంది. పెద్ద సిస్టరు చివరి కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. డాక్టరమ్మ ముందు టైపు చేసిన ఉత్తర్వు, దాని పక్కన మూత తీసిన పెన్ను. గిడ్డంగమ్మాయి లేచి నిలబడింది.

"మేడమ్, సోమవారం నేనిచ్చిన రిపోర్టు తప్పు. తప్పు సిస్టరమ్మది కాదు, నాది."

"అంకెలు తప్పా?" డాక్టరమ్మ ముఖం కందిపోయింది. "నాలుగు రోజుల తర్వాతా చెప్పేది? ఒక మనిషి ఇన్నేళ్ళ పరువు ఇందులో ఉంది, తెలుసా నీకు?"

"అంకెలు సరైనవే మేడమ్. అవి ఎవరివో చెప్పడంలో తప్పు చేశాను. నేను ఈ ఆసుపత్రిలోనే పుట్టాను. నా రిపోర్టు ప్రకారం, నేను పుట్టిన పద్నాలుగేళ్ళకి కట్టిన బ్లాకులో పుట్టాను."

కమిటీలో ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరమ్మ నవ్వలేదు. గిడ్డంగమ్మాయి తొమ్మిది వరుసలున్న కాగితం తీసి ఆవిడ ముందు పెట్టింది. డాక్టరమ్మ మొదట గబగబా చూసింది, తర్వాత వేలుపెట్టి ఒక్కో వరుసా చదివింది. చదువుతున్నకొద్దీ కోపం ఎటుపోయిందో పోయింది. చివరికి కాగితం మీది నుంచి తలెత్తి, చిన్నపిల్ల పెద్దవాళ్ళను అడిగినట్టు అడిగింది.

"సిస్టరమ్మా, వెళ్ళినచోటల్లా మీరు ఏం చేసేవారు?"

పెద్ద సిస్టరు తత్తరపడింది. "ఏముందమ్మా, అందరూ చేసేదే. ముందు తలుపు సందుల్లో గుడ్డ కుక్కేదాన్ని. చేయి పెట్టి చూస్తే గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిసిపోతుంది కదా. తువ్వాళ్ళు కాన్పుకి ముందే వేడిచేసి ఉంచమనేదాన్ని. బిడ్డ తడి ఆరాక తల్లి గుండెల మీద వేసి పైన కప్పేయమనేదాన్ని. తూకం తర్వాత వేయొచ్చు, తొందరేముంది? అంతే."

"ఇది ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదమ్మా" అంది ఆవిడ. కాస్త ఆగి, "అయితే నేను వాళ్ళనేం చేయలేదా?" అని గిడ్డంగమ్మాయి వంక తిరిగి అడిగింది.

"లేదు సిస్టరమ్మా" అంది ఆమె.

డాక్టరమ్మ ఉత్తర్వు అందుకుని రెండు చేతులతో చింపబోయింది. అప్పటిదాకా గోడ వారన ఒదిగి నిలబడ్డ బాబాయి గబుక్కున ముందుకొచ్చాడు. "చింపకండమ్మా, చింపకండి. కింద రద్దు అని రాసి తేదీ వేయండి." కమిటీ మొత్తం ఆయన్ని చూసింది. డాక్టరమ్మ కింద రద్దు అని రాసి తేదీ వేసింది. ఆ వచ్చే వారం నుంచి పన్నెండు వార్డుల సిస్టర్లూ పెద్ద సిస్టరు దగ్గర రెండేసి రోజులు పని నేర్చుకోవాలని ఇంకో ఉత్తర్వు అప్పటికప్పుడే టైపు చేయించింది.

మధ్యాహ్నం గిడ్డంగమ్మాయి కాగితం ఒకటి పట్టుకుని మూడో వార్డుకి వెళ్ళింది. అందులో ఒక్కటే వరుస. తనది. భవనం రేకుల షెడ్డు. ఇన్‌చార్జి గడిలో పెద్ద సిస్టరు పేరే ఉంది, ఈసారి తాళాల పుస్తకం సాక్షిగా. ఎవరూ వెళ్ళనన్న షెడ్డుకి, అప్పటికింకా చిన్న సిస్టరైన ఆవిడను కొత్త ఇన్‌చార్జిగా వేశారు. ఆ తర్వాత పదకొండో రోజున, వానలో, ఈమె పుట్టింది.

పెద్ద సిస్టరు వార్డు తలుపు దగ్గర కూర్చుని సందులోకి గుడ్డ కుక్కుతోంది. కాగితం అందుకుని కళ్ళకు దూరంగా పట్టుకుని చదివింది.

"ఇది నేనే సిస్టరమ్మా. గుర్తుందా?"

"అబద్ధమెందుకు చెప్పాలి తల్లీ, గుర్తులేదు. వేలమంది." ఆవిడ వేలు అంకెల మీద కదిలింది. "అరగంటకి ముప్పై నాలుగున్నర. అమ్మో, బాగా చల్లబడ్డావే. ఆ షెడ్డు అలాంటిది." వేలు పక్క గడికి జరిగింది. "మరో గంటకి ముప్పై ఆరున్నర. ఆఁ, పర్లేదు. అందుకున్నాం."

కాగితం తిరిగిస్తూ, అలవాటు చొప్పున, వేళ్ళ వెనకవైపుతో ఆమె చేతిని తాకి చూసింది. చూసి ముఖం చిట్లించింది. గుడ్డ కింద పడేసి, ఆమె రెండు చేతులనూ తన రెండు చేతుల మధ్యకు తీసుకుంది. లోపల్నుంచి ఎవరో సిస్టరమ్మా అని పిలిచారు. వస్తున్నానని కేక వేసింది గాని, వెచ్చబడేదాకా వదల్లేదు.